రెండో సంతకం



బ్యాంకు మోసాల మీద ఎంక్వైరీలు చేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, పెళ్ళి భోజనాల దగ్గరైనా రైల్లో అయినా జనం ఒకటే అడుగుతారు: "ఎలా కనిపెట్టేవారండీ?" అని. నా గురించి ఇంకో సంగతి కూడా ఉంది. అది తెలియదు కనక దాని గురించి ఎవరూ అడగరు. నాకు బైపోలార్ జబ్బు ఉంది. కొన్నాళ్ళు మనసు పట్టపగ్గాల్లేకుండా పరిగెడుతుంది, కొన్నాళ్ళు మంచం మీంచి లేవనివ్వదు, మధ్యలో చాలాకాలం మామూలుగా ఉంటుంది. నా విజిలెన్స్ ఉద్యోగం చాలావరకు ఈ జబ్బుతోనే సాగింది. ఈ రెండింటి గురించీ కలిపి మాట్లాడమని రేడియోవారు అడిగారు. ముందు మోసాల సంగతి చెబుతాను. వినడానికి అదే బాగుంటుంది.

మోసం అనగానే గొప్ప తెలివితేటల వ్యవహారం అనుకుంటారు. నేను చూసినవాటిలో తెలివి తక్కువ, సందు ఎక్కువ. రద్దీగా ఉన్నప్పుడు ఆఫీసరు తన పాస్‌వర్డు క్లర్కు చెవిలో వేస్తాడు. "నువ్వే పాస్ చేసెయ్యి, వోచర్ల మీద సంతకాలు సాయంత్రం పెడతాను" అంటాడు. సగం మోసం అక్కడే అయిపోతుంది. బ్యాంకులో ప్రతి లావాదేవీకి ఇద్దరుండాలి. ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు కాగితం చూసి పాస్ చేస్తారు. మేకర్, చెకర్ అంటాం. మేకర్ దొంగ అని కాదు ఈ ఏర్పాటు. ఎంత నిజాయితీపరుడికైనా తన తప్పు తనకి కనపడదని. ఆ ఇద్దరూ ఒక్కరైపోయిన శాఖకి మేము ఆలస్యంగానో తొందరగానో వెళ్ళాల్సిందే.

కనిపెట్టడం కూడా సినిమాల్లోలా ఉండదు. కుర్చీలో కూర్చుని చదవడమే. ఒకసారి పంట రుణాల దరఖాస్తుల కట్ట ఒకటి ముందేసుకుని చదువుతున్నాను. ఊళ్ళు వేరు, రైతులు వేరు, వేలిముద్రలు వేరు. కానీ "కౌలు" అని ఉండాల్సిన ప్రతిచోటా "కవులు" అని ఉంది. ఒక్క మండలంలో ఇంతమంది కవులేమిటా అని నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వులోనే దరఖాస్తులన్నీ ఒకే చేతి రాత అని తెలిసిపోయింది. రెవెన్యూవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడంగల్ తెప్పించుకుని, మన కాగితాల్లోని సర్వే నంబర్ల విస్తీర్ణం కూడితే, ఊరికున్న పొలం కన్నా మనం అప్పిచ్చిన పొలం ఎక్కువ తేలింది. పాసుపుస్తకాలు దొంగవి. రైతుల్లో కొందరికి తమ పేరున అప్పుందనే తెలియదు.

అసలు మనిషి ఎందుకు చేస్తాడు అన్నదానికి వస్తాను. డొనాల్డ్ క్రెస్సీ అని అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. నమ్మి డబ్బు అప్పగిస్తే తినేసినవాళ్ళని జైళ్ళకి వెళ్ళి కలిసి, గంటల తరబడి మాట్లాడి, 1953లో 'అదర్ పీపుల్స్ మనీ' అనే పుస్తకం వేశాడు. ఆయన తేల్చింది ఏమిటంటే, వాళ్ళలో చాలామంది దొంగతనం చేద్దామని ఉద్యోగంలో చేరినవాళ్ళు కారు. ముందు ఒక ఇబ్బంది వస్తుంది. అది ఎవరితోనూ చెప్పుకోలేనిది. రెండోది, చేతికందే సందు. మూడోది, "వాడుకుంటున్నాను అంతే, జీతం రాగానే పెట్టేస్తాను" అని తనకి తాను చెప్పుకునే మాట. ఇప్పుడు ట్రైనింగ్ కాలేజీల్లో ఫ్రాడ్ ట్రయాంగిల్ అని బోర్డు మీద గీసే త్రిభుజం ఆ ఆలోచనలోంచి వచ్చిందే. గీసేటప్పుడు మొదటి భుజం మీద "ఒత్తిడి" అని రాసేస్తారు. నా మటుకు నాకు అది సరిపోదు. ఒత్తిడి ఎవరికి లేదు? క్రెస్సీ పట్టుకున్నది చెప్పుకోలేకపోవడాన్ని. అప్పుల్లో ఉన్న క్యాషియర్లు చాలామందే ఉంటారు. అప్పు సంగతి ఇంట్లో చెప్పగలిగినవాడు బావమరిది దగ్గర చేబదులు తీసుకుంటాడు. చెప్పలేనివాడికి చేతికి దగ్గరగా ఉండేది క్యాష్ పెట్టే.

డెల్టాలో ఒక పల్లె శాఖకి ఏటీఎం క్యాష్ తేడా మీద వెళ్ళాను. యంత్రంలో పెట్టానని రాసిన నోట్లకీ నిజంగా పెట్టిన నోట్లకీ తేడా. రోజూ కొంచెం. లెక్క చూసేవాళ్ళు యంత్రం ఇచ్చిన చీటీ చూశారు గానీ, యంత్రం తెరిచి నోట్లు లెక్కపెట్టలేదు. క్యాషియరు కుర్రవాడు. పొద్దుట వాదించాడు, మధ్యాహ్నానికి ఆగిపోయాడు. భోజనం క్యారియరు బల్ల మీద అలాగే ఉంది, మూత తీయలేదు. "క్రికెట్ బెట్టింగులండి" అన్నాడు. ఇంట్లో తెలుసా అంటే, "అన్నయ్యకి తెలిస్తే చచ్చిపోతాడండి" అన్నాడు.

ఆ మాట ఎవరి గురించి అంటున్నాడో నాకర్థమైంది. చచ్చిపోయేది అన్నయ్య కాదు.

మా వృత్తిలో మాన్యువల్లో లేని పద్ధతి ఒకటి ఉంది. కొందరే పాటిస్తారు, నేను పాటించాను. తప్పు ఒప్పుకున్న మనిషిని ఆ పూట ఒంటరిగా పంపకూడదు. ఒప్పుకునేదాకా అతన్ని ఆ రహస్యమే నిలబెడుతుంది. ఒప్పుకున్నాక నిలబెట్టేది ఏమీ ఉండదు. నేను కూర్చోబెట్టి అన్నం తినమన్నాను. అన్నయ్య ఫోన్ నంబరు అడిగి, అతని చేతే చేయించాను. ఆయన మోటారు సైకిలు మీద వచ్చి, బ్యాంకు మెట్ల దగ్గర తమ్ముడి పక్కన కూలబడి, "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు. నేను రాసిన రిపోర్టులో ఒక్క రూపాయి తగ్గించలేదు. సస్పెన్షన్, పోలీసు కేసు, అన్నీ జరగాల్సినట్టే జరిగాయి. మనిషి మాత్రం ఉన్నాడు.

ఇది దయ అనుకోకండి. "ఎవరికీ చెప్పలేదా?" అని నేను బల్లకి ఇటు కూర్చుని అడిగే ప్రశ్నని, అప్పటికే నన్ను ఒక డాక్టరు బల్లకి అటు కూర్చుని అడిగాడు.

నా జబ్బు ఉద్యోగం మంచి ఊపులో ఉండగా బయటపడింది. పెద్ద కేసు. ఫైళ్ళు ఇంటికి తెచ్చుకునేదాన్ని. నిద్ర తగ్గింది, కానీ అలసట లేదు. చూసిన వోచరు నంబరు చూసినట్టు గుర్తుండేది. ఆ మొదటి వారాల్లో నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఈ జబ్బులో తిరకాసు ఇదే. జ్వరమొస్తే ఒళ్ళు చెబుతుంది. ఇది వచ్చేటప్పుడు ఒళ్ళు హాయిగా ఉంటుంది, మాట వేగం పెరుగుతుంది, పై అధికారి "వెరీ గుడ్" అంటాడు. తర్వాత నిద్ర పూర్తిగా పోయింది. వోచరు నంబరుకీ, వీధిలో పోయే బస్సు నంబరుకీ సంబంధం కనపడసాగింది. టీవీ వార్తలు చదివేవాళ్ళు ఆ కేసు గురించే ఏదో దాచిపెట్టి చెబుతున్నారనిపించింది. రాత్రుళ్ళు కూర్చుని పొడుగాటి రిపోర్టు రాశాను. అందులో లేనివాళ్ళు లేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంకెల్లో క్రమం వెతకడం పిచ్చి కాదు, అదే మా పని. సహజంగా పుట్టిన చాలా లెక్కల్లో ఎడమ పక్క మొదటి అంకె 1 అయ్యేవి దాదాపు 30 శాతం ఉంటాయి, 9 అయ్యేవి 5 శాతం కూడా ఉండవు. సైమన్ న్యూకమ్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1881లో లాగరిథమ్ పుస్తకాల్లో మొదటి పేజీలే ఎక్కువ నలిగి ఉండటం చూసి ఇది గమనించాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ రకరకాల లెక్కలు పోగుచేసి చూపించాడు. బిల్లులు దొంగగా సృష్టించేవాడు అంకెల్ని సమంగా చల్లుతాడు, అక్కడ దొరికిపోతాడు. ఆడిటర్లు ఈ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్లో చేస్తారు. క్రమం కనపడటం వృత్తి నైపుణ్యం అన్నమాట. అదే క్రమం ప్రతిచోటా కనపడటం జబ్బు. క్లాస్ కొన్రాడ్ అనే జర్మన్ మానసిక వైద్యుడు 1958లో వేసిన పుస్తకంలో ఈ స్థితిని వివరించాడు. ఆయన రాసింది స్కిజోఫ్రీనియా మొదటి దశ గురించి, నా జబ్బు గురించి కాదు. అయినా సంబంధం లేని వస్తువుల మధ్య సంబంధం కనపడి, అవన్నీ తనకోసమే జరుగుతున్నాయని గట్టిగా నమ్మడం అనే ఆ వర్ణన చదివితే నా ఆ రాత్రులు నాకు గుర్తొచ్చాయి.

మరి ఏది నైపుణ్యం, ఏది జబ్బు? లోపల ఉన్న మనిషికి రెండూ ఒకేలా ఉంటాయి. నిజంగా మోసం పట్టుకున్నప్పుడు కలిగే నమ్మకానికీ, బస్సు నంబరు చూసినప్పుడు కలిగిన నమ్మకానికీ తేడా నాకు ఇసుమంత కూడా తెలియలేదు.

తేడా చెప్పింది మా పెద్దాఫీసరు. ఆయన అప్పటికే రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, పాతకాలపు బ్యాంకరు. రిపోర్టు ఒకటికి రెండుసార్లు చదివి, పెన్సిలు తీసి, నాలుగో పేరా పక్కన ఒక గీత గీశారు. "అమ్మా, దీనికి వోచరుంది. ఇది పంపిద్దాం. మిగతావాటికి వోచర్లు ఏవి?" అన్నారు. నేను గట్టిగా వాదించాను. ఆయన గొంతు పెంచలేదు. రిపోర్టు సొరుగులో పెట్టి తాళం వేసి, "మీరు పడుకుని ఎన్నాళ్ళైందమ్మా?" అని అడిగారు. తర్వాత మా ఇంటికి ఫోన్ చేశారు. ఆయనకి మానసిక వైద్యం గురించి ఏమీ తెలియదనే అనుకుంటాను. పాస్ చేసే ముందు కాగితం అడగడం మాత్రం తెలుసు. నాలుగో పేరా నిజమేనని తర్వాత విచారణలో తేలింది. ఇది చెప్పగానే కొందరు, "చూశారా, జబ్బులో కూడా మీ బుర్ర పనిచేసింది" అంటారు. ఆ పేరా జబ్బు రాకముందు పోగుచేసిన కాగితాలతో రాసింది. మిగతా రిపోర్టు ఆ సొరుగు దాటి ఉంటే ఎంతమంది అమాయకుల పేర్లు ఫైలెక్కేవో.

అందుకే 'హోమ్‌ల్యాండ్' లాంటి అమెరికన్ సీరియల్స్ నాకు గిట్టవు. అందులో బైపోలార్ ఉన్న ఒక గూఢచారి అధికారిణి ఉంటుంది. ఆమె జబ్బు ముదిరినప్పుడే నిజాలు బాగా పట్టుకుంటున్నట్టు చూపిస్తారు. చూడటానికి రంజుగానే ఉంటుంది. నేను మంచి కేసులు పట్టుకున్నవన్నీ రాత్రి హాయిగా నిద్రపోయిన కాలంలోవే.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం కూడా తిన్నగా జరగలేదు లెండి. మా అత్తగారు ముందు తాయెత్తు కట్టించారు. ఆవిడని తప్పుపట్టను. తాయెత్తు కట్టిన చేత్తోనే తర్వాత రోజూ రాత్రి మాత్ర అందించింది కూడా ఆవిడే. ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరం "నరాల డాక్టరు గారి కోసం" వచ్చినవాళ్ళమే. సైకియాట్రిస్టు అని ఎవరూ అనరు. బోర్డు మీద ఉన్న ఆ మాట వంక ఎవరూ చూడరు.

డాక్టరు గారు లిథియం రాశారు. అది కొత్త మందు కాదు, ఫ్యాక్టరీలో పుట్టిన విచిత్ర రసాయనమూ కాదు, ఒక రకం లవణం. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ చాంగీ శిబిరంలో జపానువాళ్ళ దగ్గర బందీగా ఉండి బయటపడ్డ జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, 1949లో కొద్దిమంది రోగులకి ఇచ్చి ఫలితం ప్రకటించాడు. అమెరికా ప్రభుత్వం దీన్ని ఆమోదించడానికి 1970 దాకా పట్టింది. మందు మంచిదే గానీ మోతాదు దగ్గర మహా పట్టుదల గలది. రక్తంలో ఉండాల్సిన మేరకి కొంచెం తగ్గితే పనిచేయదు, కొంచెం పెరిగితే విషం. అందుకని రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తమిచ్చి లెవెల్ చూపించుకోవాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా అప్పుడప్పుడు చేయించుకుంటూ ఉండాలి.

మన ఎండలకి ఈ మందుతో ఇంకో జాగ్రత్త ఉంది. ఇది మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే మందు రాసేటప్పుడు రద్దీలో అందరూ చెప్పరు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపడం తగ్గిస్తాయి, లెవెల్ పైకి పోతుంది. రెంటచింతల వైపు మే నెలలో క్యాంపు పడితే నా సంచిలో ఫైళ్ళతో పాటు మజ్జిగ సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండేవి. బీపీ అని ఎవరో చెప్పారని ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, వాంతులు విరేచనాలు పట్టినా అదే మోతాదు వేసుకోవడం, ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి ఐబూప్రొఫెన్ లాంటి మాత్ర మింగడం, ఈ మూడూ ప్రమాదమే. చేతులు విపరీతంగా వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, నడక తూలుతుంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాగని భయపడి మందు మీకు మీరే ఆపేయకండి. ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

మామూలు లెవెల్లో కూడా వేళ్ళకి కొంచెం వణుకు ఉంటుంది. దానితో నాకు జరిగిన తమాషా వినండి. దొంగ సంతకాలు పోల్చి చూసి వేరుచేసే మనిషిని నేను. అలాంటిది నా సొంత ఖాతాలో డబ్బు తీసుకోవడానికి వెళితే, కౌంటర్లో అమ్మాయి చెక్కు అటూ ఇటూ తిప్పి, "మేడమ్, సంతకం కలవడం లేదండీ" అంది. నమూనా కార్డు మీద ఉన్నది మందుకి ముందటి సంతకం. 'ర' గుండ్రంగా ఉండేది, ఇప్పుడు దానికి అంచులు వచ్చాయి. ఆ అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. అక్కడే కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను. అప్పట్నుంచి సంతకాలు పోల్చేటప్పుడు, ముసలివాళ్ళవీ జబ్బుపడ్డవాళ్ళవీ వణుకుతున్న గీతల్ని చూసి వెంటనే దొంగవి అని రాసే అలవాటు పోయింది. దొంగ సంతకం నెమ్మదిగా, జాగ్రత్తగా గీసినట్టుంటుంది. మధ్యలో కలం ఆగిన చోట సిరా చుక్క ఉంటుంది. వణికే చేయి ఆగదు, దాని దారిన అది పోతుంది.

ఇక జబ్బు రెండో వైపు సంగతి. దిగులు కాలంలో నాకు లెడ్జరులో ఒక వరస చదివి పక్క వరసకి వెళ్ళేసరికి మొదటిది గుర్తుండేది కాదు. అది ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనేదో వోచరు మీద చూడకుండా సంతకం పెట్టేశాననీ, దానివల్ల ఎవరో నష్టపోయారనీ, పోలీసులు వస్తారనీ గట్టిగా నమ్మాను. ఏ శాఖ, ఏ రోజు, ఎంత సొమ్ము, ఏమీ తెలియదు. నమ్మకం మాత్రం రాయిలా ఉంది. డాక్టరు గారు ఇది ఈ జబ్బు లక్షణమేనని, లేని నేరాన్ని నెత్తిన వేసుకోవడం చాలామందికి ఉంటుందని చెప్పారు. వింతేమిటంటే, నిజంగా డబ్బు తిన్నవాళ్ళలో అలాంటి అపరాధభావం నేను ఎక్కువగా చూడలేదు. వాళ్ళకి తిరిగి పెట్టేస్తాను అన్న మాట ఉంది. నాకు అదీ లేదు, ఎందుకంటే తీసింది ఏమీ లేదు.

శాఖాపరమైన విచారణలో ఎంత పెద్ద నేరం మోపినా, ఆ ఉద్యోగికి పక్కన కూర్చుని మాట్లాడే సాయం మనిషిని పెట్టుకోనిస్తారు. నా మీద నేను పెట్టుకున్న కేసులో ఆ పని మా ఆయన చేశారు. ఆయన స్కూలు మాస్టారు, బ్యాంకు వ్యవహారం తెలియదు. "ఏ ఊరు బ్రాంచి చెప్పు, రేపు వెళ్ళి కనుక్కుందాం" అనేవారు రోజూ. నాకు ఊరి పేరు చెప్పడం వచ్చేది కాదు. చెప్పలేకపోవడమే జవాబని ఆయన అనుకునేవారు, నేను ఒప్పుకునేదాన్ని కాదు. మందు పనిచేసేదాకా ఆ సంభాషణ అలా నడిచింది.

తేరుకున్నాక ఇద్దరం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒక నోట్‌బుక్కు. రోజూ నిద్రపోయిన గంటలు రాయాలి. వరసగా రెండు రాత్రులు నిద్ర బాగా తగ్గితే డాక్టరుకి ఫోన్ చేసేది ఆయన, నన్ను అడగక్కర్లేదు. ఒక మొత్తం దాటిన కొనుగోలు, ఎవరికైనా హామీ సంతకం, ఉద్యోగానికి రాజీనామా లాంటివి నేనొక్కదాన్నే తేల్చకూడదు. ఆయన కూడా సరేననాలి. నేను మేకర్ని, ఆయన చెకర్. జబ్బు ఉన్నప్పుడు నేను దీన్ని ఒప్పుకోనని తెలుసు కనక, బాగున్నప్పుడే రాసి సంతకం పెట్టాను.

ఈ ఏర్పాటు గొప్పగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, బతకడానికి అంత సుఖంగా ఉండదు. నేను కొంచెం గట్టిగా నవ్వితే ఆయన నోట్‌బుక్కు వంక చూసేవారు. చీర కొన్నానని సంబరంగా చూపిస్తే, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవారు. నా సంతోషానికి కూడా రుజువు చూపించాలా అని కొన్నిసార్లు గొడవపడ్డాను. ఆ గొడవల్లో ఆయన తప్పు కొన్నిసార్లు, నాది కొన్నిసార్లు. కానీ ఒక సంగతి నాకు తెలిసొచ్చింది. జీవితమంతా ఇతరుల్ని అనుమానించి జీతం తీసుకున్నాను. అనుమానితురాలి పాత్రలో ఉండటం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. రోజంతా నీ ముఖం వంక ఎవరో చూస్తుంటే నిర్దోషి ముఖం కూడా దోషి ముఖంలాగే అయిపోతుంది. ఎంక్వైరీలో మనిషి తడబడ్డాడు, కళ్ళు దించుకున్నాడు, చెమటలు పట్టాయి అని రిపోర్టుల్లో రాస్తుంటారు. నేను ఆ వాక్యాలు రాయడం మానేశాను. కాగితం ఏం చెబుతుందో అది చాలు.

ముద్ర వేయడం గురించి రెండు మాటలు. ఒక ఖాతాని ఫ్రాడ్ అని ప్రకటిస్తే ఆ మనిషికి ఇంకెక్కడా అప్పు పుట్టదు, పరువు సంగతి సరేసరి. చాలాకాలం బ్యాంకులు అవతలివాళ్ళని అడగకుండానే ఆ ముద్ర వేసేవి. తెలంగాణ హైకోర్టు నుంచి పైకి వెళ్ళిన ఒక కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు అది కుదరదంది. ముందు నోటీసివ్వాలి, వాళ్ళ వాదన వినాలి, కారణాలు రాయాలి అని చెప్పింది. 2024 జులైలో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాల్లో కూడా దాన్ని చేర్చింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు కేసులతో పాటు ఆఫీసు క్యాంటీన్లు గుర్తొచ్చాయి. అక్కడ "ఆవిడకి కొంచెం ఇదిగా ఉంటుందట" అని కణత దగ్గర వేలు తిప్పి చూపించడానికి నోటీసు అక్కర్లేదు.

చట్టం మాత్రం మనం అనుకున్నదానికన్నా ముందుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఒక వైకల్యంగా ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థలు తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదని అందులో 20వ సెక్షన్ చెబుతుంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగి మీద జబ్బుతో ముడిపడ్డ ప్రవర్తనకి క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడం కూడా పరోక్షంగా వివక్షేనని చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలి.

చట్టం ఇన్ని చెప్పినా సెలవు చీటీల మీద ఏముంటుందో బ్యాంకుల్లో పనిచేసే శ్రోతలకి తెలుసు. నడుం నొప్పి, టైఫాయిడ్, వైరల్ ఫీవర్. దిగులు జబ్బు అని రాసిన చీటీ నా సర్వీసులో నా చేతికి రాలేదు. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ లేవు గానీ, మన దగ్గర మరీ వేరుగా ఉంటుందని నేననుకోను. ఆ లెక్కన ప్రతి ప్రాంతీయ కార్యాలయంలోనూ ఇలాంటివాళ్ళు ఉన్నట్టే. వాళ్ళంతా నడుం నొప్పితో సెలవు పెడుతున్నారు.

రిటైరయ్యాక అప్పుడప్పుడు కొత్త ఆఫీసర్లకి పాఠం చెప్పడానికి వెళుతుంటాను. ఒకసారి క్లాసయ్యాక ఒక కుర్రవాడు అందరూ వెళ్ళేదాకా ఆగి, "మేడమ్, నేను కూడా మాత్రలు వాడుతున్నానండి. విజిలెన్స్‌కి వేస్తానంటున్నారు. ఆఫీసులో చెప్పాలంటారా?" అని అడిగాడు.

అందరికీ చెప్పక్కర్లేదు బాబూ అన్నాను. క్యాంటీన్‌కి అసలే అక్కర్లేదు. ఎవరో ఒక్క పై అధికారిని చూసుకో. నీ రిపోర్టు మీద "వోచరేది?" అని అడిగే రకం మనిషి అయితే మంచిది. ఆయనకి చెప్పు. ప్రిస్క్రిప్షన్లు, రక్త పరీక్షల కాగితాలు తారీఖుల ప్రకారం ఫైలు చేసి పెట్టుకో, రేపు ఏ మాటొచ్చినా నోటితో వాదించే పని లేకుండా. రాత్రంతా మేలుకునే డ్యూటీలు, వరస క్యాంపులు తప్పించమని అడుగు, అడగడానికి నీకు చట్టం ఉంది. ఇంట్లో ఒక మనిషికి డాక్టరు ఫోన్ నంబరు ఇచ్చి పెట్టు. ఇంట్లో చెప్పే పరిస్థితే లేకపోతే 14416 ఉంది. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు.

అతను నంబరు చేతి మీద రాసుకోబోతే, ఫోన్లోనే వేసుకోమన్నాను. పేరు ఏం పెట్టుకోవాలని అడిగాడు. నీ ఇష్టం, "నరాల డాక్టరు" అని మాత్రం వద్దన్నాను. అతను ఆ పోస్టింగుకి వెళ్ళాడు. ఇప్పటికీ ఏదైనా కేసులో చిక్కు పడితే ఫోన్ చేస్తుంటాడు. నేను మొదట అడిగేది కేసు సంగతి కాదు, నిద్ర సంగతి. అతనికి అది విసుగే.